పోస్టుమార్టం వద్దని రాసిచ్చి తీసుకెళ్దాం అంటున్నారు. ఏం చేయాలి?

పల్నాటి శ్రీను | డిసెంబరు 9, ఉదయం 11:25

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటు. మా పెదనాన్న గారి అబ్బాయి, 46 ఏళ్లు, తెల్లవారుజామున మిర్చి చేనికి నీళ్లు పెట్టడానికి వెళ్లి బోరు దగ్గరే పడిపోయాడు. పక్క చేనాయన చూసి ఫోన్ చేస్తే పరుగెత్తాం. ఆసుపత్రిలో చూసి, తీసుకొచ్చేసరికే ప్రాణం పోయిందన్నారు. పోలీసులకు కబురు వాళ్లే పంపారు. ఇప్పుడు మార్చురీ బయట కూర్చున్నాం.

పెద్దవాళ్లు "గుండెపోటే అయ్యుంటుంది, పోయినవాడిని కోయించడం ఎందుకు, ఎవరి మీదా అనుమానం లేదని రాసిచ్చి చీకటి పడకముందే తీసుకెళ్దాం" అంటున్నారు. వదిన మాట్లాడే స్థితిలో లేదు. అన్నయ్యకు బీపీ లేదు, షుగర్ లేదు. నాకు మనసు ఒప్పడం లేదు. పోస్టుమార్టం వద్దనే హక్కు మాకుందా? చేస్తే మనిషిని మనిషిలా ఇస్తారా? అవయవాలు తీసేసుకుంటారని ఇక్కడ ఎవరో అంటున్నారు, అది విని పెద్దమ్మ ఇంకా ఏడుస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ హెచ్‌సీ, ఒంగోలు | డిసెంబరు 9, ఉదయం 11:38

తమ్ముడూ, ముందు ధైర్యం తెచ్చుకో. పోలీసు సర్వీసంతా శవ పంచనామాలు రాసిన హెడ్ కానిస్టేబుల్‌గా చెబుతున్నాను. నిర్ణయం కుటుంబానిది కాదు. నేర విచారణ చట్టంలో ఉంది, పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 174, 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 194. మరణానికి కారణం మీద సందేహం ఉంటే ఎస్సై బాడీని డాక్టరు పరీక్షకు పంపాల్సిందే. సందేహం ఏమీ లేదని ఆయనకు నమ్మకం కుదిరితే పంపకుండా అప్పగించే వీలూ ఉంది. మీ పెద్దవాళ్లు ఆ వీలునే అడుగుతున్నారు.

ఇక్కడ సందేహం లేకపోవడం ఎలా కుదురుతుంది? బోరు దగ్గర, తెల్లవారుజామున, నీళ్లు పెడుతూ పోయిన మనిషి. కరెంటు కావచ్చు, పాము కావచ్చు, గుండె కావచ్చు, మందు కొట్టిన చేనైతే అదీ కావచ్చు. పంచనామాకు సాక్షులుగా పిలిచే పంచాయతీదార్ల ముందు రక్తసంబంధీకుల వాంగ్మూలం తీసుకునేటప్పుడు "గుండెపోటు" అని మీ నోటితో చెప్పకండి. చూసింది చూసినట్టు చెప్పండి. ఎక్కడ పడి ఉన్నాడు, ఏ చెయ్యి ఎటు ఉంది, బట్టలు తడిగా ఉన్నాయా, మోటారు తిరుగుతోందా ఆగిందా. ఆ కాగితమే డాక్టరు గారి చేతికి వెళ్తుంది.

ఇంకో మాట. పెళ్లయి ఏడేళ్లు దాటని ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా పోయినా పోస్టుమార్టం తప్పనిసరి. ఆ పంచనామా తహసీల్దారు చేస్తారు. కస్టడీలో పోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ. మీది ఆ కోవ కాదు, చదివేవాళ్ల కోసం రాస్తున్నాను.

డాక్టర్ ఫోరెన్సిక్ | డిసెంబరు 9, ఉదయం 11:52

శ్రీను గారూ, నేను ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్నాను. ముందు అత్యవసరమైనది. బోరు దగ్గర మోటారు స్టార్టర్ డబ్బాను ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఫ్యూజు పీకించాకే అటు వెళ్లమనండి. లేకపోతే మరో ప్రాణం పోతుంది. తర్వాత డబ్బా, వైర్లు, కింద తడి నేల ఫొటోలు తీయించండి. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పాపం చేనెండిపోతుందని వైరు మార్చేస్తారు, అక్కడితో సగం సాక్ష్యం పోతుంది.

పెద్దమ్మ గారికి ఇలా చెప్పండి. అవయవాలు ఎవరూ తీసేసుకోరు. అవయవ దానం వేరే చట్టం, వేరే అనుమతి, దానికి కుటుంబం సంతకం కావాలి. పోస్టుమార్టంలో గడ్డం కింద నుంచి పొత్తికడుపు దాకా నిలువుగా ఒక గాటు పెడతాం. తలకు ఒక చెవి వెనక నుంచి రెండో చెవి వెనక దాకా జుట్టులో గాటు పెట్టి, చర్మాన్ని మడిచి ఎముక తెరుస్తాం. అవయవాలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసి, తూకం వేసి, కోసి లోపల చూసి మళ్లీ శరీరంలోనే పెట్టి కుట్టేస్తాం. ముఖం చెక్కుచెదరదు. తలపాగా చుట్టి, బట్టలు కడితే కుట్లు కనపడవు. విషం ఉందేమో చూడాల్సి వస్తే మాత్రం కొన్ని భాగాలు ల్యాబుకు వెళ్తాయి, అది నిజం, దాచడం ఎందుకు. జీర్ణాశయం, చిన్నపేగులో సుమారు 30 సెంటీమీటర్లు, కాలేయంలో ఒక ముక్క, రెండు కిడ్నీల్లో సగం సగం, కొద్దిగా రక్తం.

గుండెపోటు అన్న అనుమానం గురించి కూడా. గుండెపోటు వచ్చిన కొద్ది గంటల్లోనే మనిషి పోతే గుండె కండరం మీద మార్పు కంటికి కనిపించదు. రక్తనాళాలు తెరిచి ఎక్కడ పూడుకుందో చూడాలి, కండరం ముక్క మైక్రోస్కోపు కింద పెట్టాలి. మా విభాగంలోకి "గుండెపోటే సార్" అని వచ్చిన శరీరాల్లో ఇంకేదో బయటపడటం మాకు కొత్త కాదు. బయట కూర్చుని గుండెపోటు అని తేల్చగలిగినవాళ్లు ఎవరూ లేరు. నేనూ తేల్చలేను.

పల్నాటి శ్రీను | డిసెంబరు 9, మధ్యాహ్నం 12:10

సార్, పెద్దమ్మకు మీరు రాసింది చదివి వినిపించాను. ముఖానికి ఏం కాదంటే కొంచెం కుదుటపడింది. పెదనాన్న గారు ఒప్పుకున్నారు. పక్క చేనాయన చెబుతున్నాడు, అన్నయ్య కుడి చెయ్యి స్టార్టర్ డబ్బా వైపే చాపి ఉందట, మోటారు ఆన్‌లోనే లేదట. ఎస్సై గారికి ఇది చెప్పించాను. ఫ్యూజు కూడా పీకించాం.

అడ్వకేట్ సుజాత, వరంగల్ | డిసెంబరు 9, మధ్యాహ్నం 12:31

మంచి పని చేశారు. ఇప్పుడు ఈ మాట ఎత్తడం కఠినంగా అనిపిస్తుంది, కానీ రేపటి నుంచి వదిన గారి ముందు నిలబడేది ఇదే. కరెంటు షాక్ అని తేలితే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి పరిహారం అడగొచ్చు. పోస్టుమార్టం రిపోర్టు లేకుండా ఆ ఫైలు కదలదు. బ్యాంకు పాసుబుక్కులో ఏటా 20 రూపాయలు కట్ అయిందేమో చూడండి. అయితే ప్రధానమంత్రి సురక్ష బీమా ఉన్నట్టే, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436 కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి, దానికి మరో 2 లక్షలు, అది సహజ మరణానికీ వర్తిస్తుంది. ఎల్ఐసీ పాలసీలో ప్రమాద బీమా ఉంటే దానికీ ఇవే కాగితాలు.

నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది దహనం అయిపోయాక వస్తారు. "మేడం, షాక్ కొట్టే పోయాడు, ఊరంతా తెలుసు" అంటారు. ఊరంతా తెలిసిన మాటకు ఒక్క కాగితం ఉండదు. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ మిగలదు. ఈ థ్రెడ్ చదువుతున్నవాళ్లు కనీసం ఈ ఒక్క సంగతి మీ ఊళ్లో నలుగురికి చెప్పండి.

ఇర్ఫాన్, పాతబస్తీ | డిసెంబరు 9, మధ్యాహ్నం 1:05

శ్రీను భాయ్, అల్లా మీ అన్నయ్య కుటుంబానికి ఓర్పు ఇవ్వాలి. నాది ఒక సాధారణ ప్రశ్న, డాక్టర్ గారికి. మాలో ఖననం ఎంత తొందరగా అయితే అంత మంచిదని చూస్తాం. శరీరాన్ని కోయడం అంటేనే ఇంట్లోవాళ్లకు గుండె బరువెక్కుతుంది. సాయంత్రం ఐదు దాటితే "రేపు రండి" అంటారు, రాత్రంతా మార్చురీ గేటు దగ్గరే. కోయకుండా స్కానింగుతో చేసే పద్ధతి వచ్చిందని చదివాను, నిజమేనా? రాత్రిపూట చేయకూడదని చట్టంలో ఉందా?

డాక్టర్ ఫోరెన్సిక్ | డిసెంబరు 9, మధ్యాహ్నం 1:40

ఇర్ఫాన్ గారూ, మీ బాధ న్యాయమైనది. రాత్రి చేయొద్దనే ఆచారం కరెంటు దీపం వెలుగులో చర్మం రంగులు, కమిలిన గాయాలు సరిగా తెలియవన్న కాలం నాటిది. 2021 నవంబరు 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఈ నియమం సడలించింది. సరైన వెలుతురు, వసతులు ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చు, మొత్తం వీడియో తీయాలి. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శరీరం, కుట్ర అనుమానం ఉన్న కేసులను మాత్రం రాత్రి చేయరు, శాంతిభద్రతల సమస్య వస్తే తప్ప. అవయవ దానం ఉన్న కేసులకు ప్రాధాన్యం ఇవ్వమన్నారు. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన అన్ని ఊళ్లలో డాక్టరు, సిబ్బంది, లైట్లు వచ్చేయవు కదా. మీరు చెప్పిన గేటు దగ్గర రాత్రి ఇంకా చాలా చోట్ల అలాగే ఉంది. నేను దీన్ని సమర్థించను.

స్కానింగు సంగతి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021లో వర్చువల్ అటాప్సీ మొదలైంది. శరీరాన్ని సంచిలోనే ఉంచి సీటీ తీస్తారు. విరిగిన ఎముకలు, లోపలి రక్తస్రావం, బుల్లెట్లు చాలా బాగా పట్టుకుంటుంది, కొన్నిసార్లు మా కత్తికంటే బాగా. విషాన్ని మాత్రం పట్టుకోలేదు. శ్రీను గారి అన్నయ్య లాంటి కేసులో చర్మం మీది చిన్న గుర్తును కూడా చూడలేదు. మన రెండు రాష్ట్రాల్లో ప్రమాద కేసుల్లోనైనా ఇది రావాలని నాకు గట్టిగా ఉంది.

విశాఖ రమణ | డిసెంబరు 9, మధ్యాహ్నం 2:15

నేను ఒకటి అడుగుతాను, ఎవరూ ఏమనుకోవద్దు. డాక్టర్ గారు "గాటు పెడతాం, కుడతాం" అని రాశారు. మా నాన్న ముప్పై ఏళ్లు ఒక మార్చురీలో పనిచేశాడు. పోస్టు పేరు వేరే, చేసిన పని మాత్రం కోయడం, తల తెరవడం, కడగడం, కుట్టడం. డాక్టరు పక్కన నిలబడి చూసి రాసుకునేవారు. మంచి డాక్టర్లు గ్లవ్స్ వేసుకుని తామే చేసేవారు, అలాంటివారి పేర్లు నాన్న ఇప్పటికీ దణ్ణం పెట్టి చెబుతాడు. అందరూ అలా ఉండేవారు కాదు. నాన్నకు ఏ ట్రైనింగూ ఇవ్వలేదు. చూసి నేర్చుకున్నాడు. టీబీతో పోయిన శరీరాలకు కూడా గుడ్డ మాస్కే.

ఇంటికొచ్చి బయటే స్నానం చేసి లోపలికి వచ్చేవాడు. మా అక్కకు రెండు సంబంధాలు ఈ ఉద్యోగం వల్లే పోయాయి. "మార్చురీలో డబ్బులు అడుగుతారు" అని అందరూ తిడతారు. అడగడం తప్పే, నేను కాదనను. కానీ గుడ్డ, దారం, సబ్బు కూడా సమయానికి ఇవ్వని చోట, కాంట్రాక్టు జీతం నెలల తరబడి రాని చోట ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో కూడా చూడండి.

డాక్టర్ ఫోరెన్సిక్ | డిసెంబరు 9, మధ్యాహ్నం 2:44

రమణ గారూ, మీరు రాసింది అక్షరాలా నిజం. మీ నాన్నగారికి నా నమస్కారం. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ఉంటారు కాబట్టి డాక్టర్లే చేస్తారు. ఏరియా ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) పరిస్థితి వేరు. అక్కడ ఫోరెన్సిక్ చదివిన డాక్టరు ఉండడు. ఓపీ చూస్తూ, కాన్పు చేస్తూ, మధ్యలో పోస్టుమార్టం చేయాల్సిన ఎంబీబీఎస్ డాక్టరు ఉంటారు. ఆయన సంతకం మీద రేపు కోర్టులో ఒక మనిషి జీవితం ఆధారపడుతుంది. శిక్షణ ఉన్న అటాప్సీ టెక్నీషియన్ పోస్టులు అన్ని మార్చురీలకూ కావాలి. పోస్టుమార్టానికి ప్రభుత్వ ఆసుపత్రిలో రూపాయి కూడా ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఆసుపత్రి పాలన చూసే ఆర్ఎంవోకు చెప్పండి.

పల్నాటి శ్రీను | డిసెంబరు 9, సాయంత్రం 6:20

అయిపోయింది. శరీరం ఇచ్చారు. ఇప్పుడు ఊరికి బయల్దేరుతున్నాం. డాక్టర్ గారు (చిన్న వయసాయన, చాలా మర్యాదగా మాట్లాడారు) ఎస్సై గారిని పిలిచి చెప్పారట, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కందిగింజంత గుర్తు ఉందని. చర్మం ముక్క, విస్రా (విషం పరీక్షకు తీసే లోపలి అవయవాల భాగాలు) భద్రం చేశామన్నారు. కారణం మాత్రం ఇప్పుడే రాయలేదు, "రిపోర్టులు వచ్చాక" అన్నారు. ఇదేంటి, చూశాక కూడా చెప్పకపోవడం? పెద్దవాళ్లు మళ్లీ నా మీద పడుతున్నారు.

డాక్టర్ ఫోరెన్సిక్ | డిసెంబరు 9, రాత్రి 9:05

ఆ డాక్టరు సరిగ్గా చేశారు. మంచి పని జరిగిందనడానికి అదే గుర్తు.

కరెంటు లోపలికి వెళ్లిన చోట చర్మం మీద చిన్న గుంట పడుతుంది. మధ్యలో బూడిద తెలుపు రంగులో, అంచు చుట్టూ గట్టిగా, కాస్త పైకి లేచి ఉంటుంది. చూడటానికి ఆనెకాయలా ఉండి చాలామంది దాటేస్తారు. రైతు చెయ్యి మీద ఆనెకాయలు, పాత కాలిన మచ్చలు మామూలే కదా. అందుకే ఆ ముక్కను కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపుతారు. మైక్రోస్కోపు కింద చర్మ కణాలు ఒకే దిశలో సాగి నిలబడినట్టు కనిపిస్తే వేడి, కరెంటు వైపు బలం వస్తుంది. ఒక్క చర్మం మీదే ఆధారపడలేం. చేతులు బాగా తడిగా ఉంటే కరెంటు పోయినా గుర్తే పడకపోవచ్చు. అందుకే స్థలం ఫొటోలు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక, పక్క చేనాయన మాట, అన్నీ కలిపి చూడాలి.

విస్రా ఎందుకంటే, రేపు కోర్టులోనో డిస్కం ఆఫీసులోనో "పురుగుమందు తాగలేదని ఏమిటి గ్యారంటీ" అని ఎవరైనా అడుగుతారు. మిర్చి చేనంటే ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. దానికి జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

ల్యాబ్ లక్ష్మి | డిసెంబరు 9, రాత్రి 10:18

ఫోరెన్సిక్ ల్యాబులో విషాలు పరీక్షించే టాక్సికాలజీ విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. విస్రా మా దాకా ఎలా వస్తుందో చెబుతాను, కుటుంబాలకు అనుమానాలు చాలా ఉంటాయి. జీర్ణాశయం, పేగు ఒక సీసాలో, కాలేయం, కిడ్నీ మరో సీసాలో, రక్తం విడిగా. అవయవాల మీద మామూలుగా పోసేది చిక్కటి ఉప్పు ద్రావణం, ఇంక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు. మూత మీద గుడ్డ కట్టి, లక్కతో సీలు వేసి, పోస్టుమార్టం నంబరు, పేరు, తేదీ రాస్తారు. సీలు నమూనా వేరే కాగితం మీద వేసి పంపుతారు. మేము పెట్టె తెరిచే ముందు రెండు సీళ్లూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తాం. తేడా ఉంటే అక్కడే ఆపుతాం. పోసిన ఉప్పునీళ్లలో కొంచెం ఖాళీ సీసాలో కూడా పంపాలి. అందులోనే ఏదైనా కలిసి ఉంటే తెలియాలి కదా.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మన మద్రాసు కథ ఒకటుంది. మన దేశంలో నమోదైన తొలి మెడికో లీగల్ (చట్టపరమైన విచారణ కోసం చేసే) శవ పరీక్ష 1693 ఆగస్టులో సెయింట్ జార్జి కోటలో జరిగింది. జేమ్స్ వీలర్ అనే కౌన్సిల్ సభ్యుడు మందు తీసుకుని చనిపోతే, ఎడ్వర్డ్ బల్క్‌లీ అనే సర్జన్ శవాన్ని పరీక్షించాడు. అనుమానం ఆర్సెనిక్ మీద. మందు ఇచ్చిన సర్జన్ శామ్యూల్ బ్రౌన్ తన చేతి మీదుగానే జరిగిందని రాసిచ్చాడు. అంతకుముందు ఆర్సెనిక్ నూరిన కల్వాన్ని సరిగా కడగకుండా అందులోనే ముత్యాల పొడి మందు నూరారు. విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఒక పాత్ర శుభ్రంగా లేకపోతే ఎంత దూరం వెళ్తుందో చూడండి. ఖాళీ సీసాలో ఉప్పునీళ్లు పంపమని మేము మొత్తుకునేది ఇందుకే.

రిపోర్టు ఆలస్యం మాత్రం నిజం. నెలలు పడుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్ ల్యాబులోనూ, విశాఖ, తిరుపతి లాంటి ప్రాంతీయ ల్యాబుల్లోనూ పనిచేసేవాళ్లకంటే పెట్టెలే ఎక్కువ. శ్రీను, మీరు చేయాల్సింది ఒకటే. విస్రా నిజంగా ల్యాబుకు బయల్దేరిందా లేక స్టేషన్ మాల్‌ఖానాలోనే (సాక్ష్యాలు దాచే గదిలోనే) ఉండిపోయిందా అని పదిరోజులకోసారి కనుక్కోండి. చాలా ఆలస్యం అక్కడే జరుగుతుంది.

జగిత్యాల రాజు | డిసెంబరు 10, ఉదయం 7:50

మా జగిత్యాల దిక్కు నుంచి ఒక బాధ. గల్ఫ్ పోయినవాళ్లు అక్కడ చనిపోతే పెట్టెలో వస్తారు. కాగితం మీద "కార్డియాక్ అరెస్ట్, సహజ మరణం". ముప్పై ఏళ్ల పిల్లగాడు, నిన్న రాత్రి వీడియో కాల్‌లో నవ్వినవాడు. శంషాబాద్‌లో పెట్టె తీసుకుని, తెల్లారేసరికి ఊళ్లో దహనం. ఎండలో పని చేసి పోయాడా, కింద పడ్డాడా, ఎవరికీ తెలియదు. ఇక్కడ పోస్టుమార్టం చేయించొచ్చా?

డాక్టర్ ఫోరెన్సిక్ | డిసెంబరు 10, ఉదయం 10:30

రాజు గారూ, ఆ మాట చూస్తేనే నాకు కోపం వస్తుంది. గుండె ఆగడం ప్రతి మరణంలోనూ జరుగుతుంది. అది ప్రాణం పోయేటప్పుడు జరిగేది మాత్రమే, కారణం ఎలా అవుతుంది? మన దేశంలో మరణ కారణ ధ్రువపత్రం నింపేటప్పుడు కూడా ఇది రాయకూడదని నేర్పుతాం, అయినా రాసేవాళ్లు ఉన్నారు.

బంధువులు అనుమానం రాతపూర్వకంగా స్టేషన్‌లో ఇస్తే ఇక్కడ పరీక్షకు పంపే వీలుంది. దహనానికి ముందే అడగాలి. అయితే విమానంలో పంపేముందు శరీరానికి ఎంబామింగ్ (కుళ్లకుండా రసాయనం ఎక్కించడం) చేసి ఉంటారు. ఆ రసాయనం వల్ల కొన్ని విషాల పరీక్ష నమ్మదగినట్టుగా రాదు. ఎముకలు విరగడం, తల లోపల రక్తస్రావం, గొంతు చుట్టూ గాయాలు మాత్రం అప్పటికీ చూడొచ్చు. వడదెబ్బ విషయంలో శవ పరీక్ష ఒక్కటే తేల్చదు, చనిపోయే ముందు శరీర ఉష్ణోగ్రత ఎంతుందో ఆసుపత్రి రికార్డులో ఉండాలి. తోటి కార్మికుల మాట అక్కడే పనికొస్తుంది.

డాలస్ కిరణ్ | డిసెంబరు 10, రాత్రి 8:12

అమెరికాలో మన విద్యార్థులు పోయినప్పుడు తెలుగు సంఘాల తరఫున కాగితాల పని చేస్తుంటాను. ఇక్కడ కొన్ని చోట్ల మెడికల్ ఎగ్జామినర్ ఉంటారు, అంటే డాక్టరు. కొన్ని చోట్ల కరోనర్, డాక్టరే కానక్కరలేదు. టెక్సస్ చిన్న కౌంటీల్లో జస్టిస్ ఆఫ్ ది పీస్ ఈ పని చూస్తారు. పెద్ద తేడా ఏమిటంటే, ఇక్కడ కారణంతో పాటు తీరు కూడా వాళ్లే రాస్తారు. సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య, తేల్చలేనిది. రక్త పరీక్షలు రాకపోతే "పెండింగ్" అని సర్టిఫికెట్ ఇస్తారు.

ఇండియాలో తల్లిదండ్రులు ఆ పెండింగ్ చూసి "ఏదో దాస్తున్నారు" అని భయపడతారు. దాచడం కాదు. పెండింగ్ ఉన్నా శరీరం ఇండియాకు పంపొచ్చు. కాన్సులేట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఎంబామింగ్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్ట్ లాంటి కాగితాలు కావాలి. ఫైనల్ రిపోర్టు తర్వాత అడిగి తెప్పించుకోండి, చాలామంది ఆ సంగతే మర్చిపోతారు.

గోదావరి అమ్మాయి | డిసెంబరు 11, ఉదయం 9:40

అడ్వకేట్ గారూ, మొదటి పోస్టుమార్టం మీద నమ్మకం లేకపోతే మళ్లీ చేయించుకోవచ్చా? ఖననం అయిపోతే?

అడ్వకేట్ సుజాత, వరంగల్ | డిసెంబరు 11, ఉదయం 11:15

చేయించొచ్చు, ఆర్డర్ కావాలి. 2019 డిసెంబరు 6న దిశ కేసులో చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన నలుగురికి మొదట మహబూబ్‌నగర్‌లో పరీక్ష జరిగింది. తర్వాత తెలంగాణ హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి డిసెంబరు 23న గాంధీ ఆసుపత్రిలో రెండోసారి చేశారు. అదే నెలలో తెనాలిలో 2007 నాటి ఇబ్రహీంపట్నం హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో సీబీఐ సమాధి తవ్వించి, అవశేషాలను మళ్లీ పరీక్ష చేయించింది. పన్నెండేళ్ల తర్వాత. మన చట్టంలో తవ్వి తీయడానికి కాలపరిమితి లేదు, మేజిస్ట్రేటు ఆదేశం, ఆయన సమక్షం ఉండాలి.

కానీ రెండోసారికి దొరికేది తక్కువ. ఒకసారి కోసిన శరీరంలో మొదటి డాక్టరు ఏం చూశారో అది మళ్లీ అలాగే కనిపించదు. పన్నెండేళ్లకు ఎముకలే మిగులుతాయి. ఆ తల్లిదండ్రులు ఇన్నేళ్లుగా న్యాయం అడుగుతూనే ఉన్నారు. మొదటి రోజు పని సరిగా జరిగి ఉంటే అంత దూరం వెళ్లాల్సి వచ్చేది కాదని నా అభిప్రాయం. దహనమైతే చెప్పేదేముంది, అందుకే అనుమానం రవ్వంత ఉన్నా ఆ రోజే, రాతలో ఇవ్వండి. వీడియో తీయమని అడగండి. అలా అడిగితే పోలీసుల మీద నింద వేసినట్టు కాదు.

పల్నాటి శ్రీను | మార్చి 27, సాయంత్రం 4:30

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లకు ఫైనల్ ఒపీనియన్ వచ్చింది. లక్ష్మి మేడం చెప్పినట్టు స్టేషన్ చుట్టూ తిరిగాను, పెట్టె నిజంగానే కొన్నాళ్లు అక్కడే ఉండిపోయింది. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టులో ఏ విషమూ లేదు. గుండె రక్తనాళాలు బాగానే ఉన్నాయట. చర్మం ముక్క కరెంటు గాయానికి సరిపోయిందట. కారణం విద్యుదాఘాతం అని రాశారు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నివేదికలో స్టార్టర్ డబ్బాకు ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) తెగిపోయి ఉందని వచ్చింది.

ఇది రాకముందు ఊళ్లో వదిన గురించి ఎన్ని మాటలు పుట్టాయో మీకు చెప్పలేను. అప్పులని, గొడవలని, పురుగుమందు తాగాడని. ఆమె బయటికి రావడమే మానేసింది. కాపీ తెచ్చి పెదనాన్న గారు పంచాయతీ ఆఫీసు దగ్గర నలుగురి ముందూ చదివించారు. 20 రూపాయల బీమా కూడా ఉంది సుజాత మేడం, బ్యాంకులో కాగితాలు ఇచ్చాం.

అడ్వకేట్ సుజాత, వరంగల్ | మార్చి 27, సాయంత్రం 5:10

చాలా సంతోషం శ్రీను గారూ. డిస్కంకు ఇచ్చేటప్పుడు ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఫైనల్ ఒపీనియన్, ఇన్‌స్పెక్టర్ నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అన్నీ జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ వదిన గారి దగ్గరే ఉండాలి. రసీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వొద్దు.

పల్నాటి శ్రీను | మార్చి 27, సాయంత్రం 5:32

అలాగే మేడం. ఇంకో సంగతి. ఆ నివేదిక చూశాక మేం కుర్రాళ్లం నలుగురం లైన్‌మన్‌ను తీసుకుని చుట్టుపక్కల బోర్లన్నీ చూశాం. ఇంకా కొన్ని డబ్బాలకు ఎర్త్ లేదు. ఇక్కడ కరెంటు పని తెలిసినవాళ్లు ఉంటే ఏం చేయించాలో చెప్పండి.

లైన్‌మన్ మస్తాన్ | మార్చి 27, రాత్రి 8:45

అన్నా, ప్రతి డబ్బాకూ విడిగా ఎర్త్ గొయ్యి తీయించండి. పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి, తీగ డబ్బా బాడీకి, మోటారు బాడీకి రెండింటికీ బోల్టుతో బిగించాలి. చుట్టి వదిలేస్తే తుప్పు పట్టి తెగుతుంది. ఎండాకాలం ఆ గొయ్యిలో నీళ్లు పోస్తూ ఉండాలి, ఎండిపోతే ఎర్త్ పనిచేయదు. లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్ పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఇనుప డబ్బా తీసేసి ఫైబర్ డబ్బా వేయించండి. డబ్బా ముందు ఎండు చెక్క పలక వేసి దాని మీదే నిలబడాలి, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకోకూడదు. మీ ఊరి కరెంటు ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా ఇచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ కూడా చూపించండి, అది బాగోకపోతే కింద మీరు ఎంత చేసినా లాభం లేదు.